నాలుగేళ్ల పాపకు తొలిసారి స్కీయింగ్: ఇప్పుడే తీసుకెళ్లాలా, ఇంకా ఆగాలా?

తుంగభద్ర తీరం, కర్నూలు

అందరికీ నమస్కారం. మా పాపకు నాలుగున్నరేళ్లు. ఈ చలికాలంలో కాశ్మీరు వెళ్లాలని అనుకుంటున్నాం. మంచు చూసి రావడంతో సరిపెట్టకుండా, పాపకు స్కీయింగ్ కాస్త పరిచయం చేయాలని మా ఇద్దరి కోరిక. మా ఇద్దరికీ స్కీయింగ్ రాదు. అసలు మంచు కురిసే చోటికి ఎప్పుడూ వెళ్లలేదు.

ఈ వయసు పిల్లలకు నిజంగా నేర్పుతారా, లేక స్కీలు తొడిగి ఫోటో తీసి పంపేస్తారా? గుల్‌మర్గ్, మనాలి, ఉత్తరాఖండ్‌లోని ఔలి అంటున్నారు, చిన్నపిల్లలకు ఏది మేలు? ఏప్రిల్ వస్తే నలభై డిగ్రీలు దాటే ఊళ్లో పుట్టి పెరిగిన పిల్ల, సున్నాకు దిగువన ఉండే చలిని తట్టుకుంటుందా?

ఇంకో సంగతి. మా అత్తగారు ‘పసిదాన్ని మంచులోకి తీసుకెళ్లి న్యుమోనియా తెప్పిస్తారా’ అని రోజూ అడుగుతున్నారు. ఆవిడ మాటను కొట్టిపారేయడం నాకిష్టం లేదు. సరైన జవాబు తెలుసుకుని చెప్పాలి. వెళ్లి వచ్చినవాళ్లు వివరంగా రాయగలరు.

గండికోట, ప్రొద్దుటూరు

అమ్మా, నిరభ్యంతరంగా తీసుకెళ్లండి. మావాడు ఐదేళ్లప్పుడు గుల్‌మర్గ్‌లోనే మొదలుపెట్టాడు. నా ఓటు గుల్‌మర్గ్‌కే. ఎందుకో చెబుతాను.

ఔలి అందమైన చోటే. 2011లో దక్షిణాసియా శీతాకాల క్రీడలకు వేదిక కూడా అయింది. కానీ రిషికేశ్ నుంచి జోషీమఠ్ దాకా సుమారు 250 కిలోమీటర్ల కొండదారి. ఆ మలుపుల్లో పెద్దవాళ్లకే కడుపులో తిప్పుతుంది, నాలుగేళ్ల పిల్ల సంగతి చెప్పనక్కర్లేదు. పైగా 2023 జనవరిలో జోషీమఠ్‌లో నేల కుంగినప్పుడు అక్కడి నుంచి ఔలికి వెళ్లే రోప్‌వేను ఆపేశారు. మనాలికి పైనున్న సోలాంగ్ లోయలో సందడి ఎక్కువ. స్నో స్కూటర్లు, గుర్రాలు, జారుడు ట్యూబులు, ఫోటోల వాళ్లు, అందరూ ఒకే మైదానంలో. అప్పుడే కాళ్లు నిలదొక్కుకునే పిల్లకు ఖాళీ స్థలం కావాలి.

గుల్‌మర్గ్ శ్రీనగర్ నుంచి 50 కిలోమీటర్లు, ఎత్తు దాదాపు 2,650 మీటర్లు. వేసవిలో గోల్ఫ్ ఆడే పచ్చికబయలు మీద మంచు పడితే అదే పిల్లల వాలు అవుతుంది. తీగల మీద కొండపైకి తీసుకెళ్లే గొండోలా ఎక్కాల్సిన పని లేదు. హోటల్ దగ్గర్లో చూసుకుంటే గది నుంచి నడిచి వెళ్లి నేర్చుకోవచ్చు. పిల్లకు ఆకలేసినా, ఏడుపొచ్చినా, పోసుకోవాలన్నా కాసేపట్లో గదిలో ఉంటారు. పసిపిల్లతో వెళ్లేవారికి ఇంతకంటే ఏం కావాలి?

2022 బీజింగ్ శీతాకాల ఒలింపిక్స్‌కు మన దేశం నుంచి వెళ్లిన ఒకే ఒక్క క్రీడాకారుడు ఆరిఫ్ ఖాన్. ఆయన నాలుగేళ్ల వయసులో స్కీలు తొడుక్కున్నది గుల్‌మర్గ్‌లోనే. వయసు గురించి మీరు దిగులు పడకండి.

బస మాత్రం తప్పకుండా గుల్‌మర్గ్‌లోనే పెట్టుకోండి. శ్రీనగర్‌లో ఉండి రోజూ వచ్చిపోతామంటే పిల్ల అలసిపోతుంది. మంచు బాగా కురిసిన రోజున తంగ్‌మర్గ్ నుంచి పైకి 13 కిలోమీటర్లు చక్రాలకు గొలుసులు కట్టిన బండ్లనే పోనిస్తారు. ఇంకొకటి, మీది ప్రీపెయిడ్ సిమ్ అయితే జమ్మూ కాశ్మీరులో పనిచేయదు. ఇద్దరిలో ఒకరైనా పోస్ట్‌పెయిడ్‌కు మారండి.

వేరుశెనగ చేను, ధర్మవరం

అందరూ వెళ్లమనే అంటున్నారు కాబట్టి రెండో వైపు మాట నేను చెబుతాను. విమానాలు, హోటల్, బట్టలు, శిక్షకుడి రుసుము కలుపుకుంటే ముగ్గురికి అయ్యే ఖర్చు చిన్నది కాదు. నాలుగున్నరేళ్ల పిల్లకు పెద్దయ్యాక ఇదేదీ గుర్తుండదు. అక్కడ నేర్చుకున్నది ఇక్కడికి వచ్చాక సాధన చేసే వీలూ లేదు. మళ్లీ వెళ్లేసరికి మొదటికే వస్తుంది. ఎనిమిదేళ్లు వచ్చాక తీసుకెళ్తే శిక్షకుడు చెప్పింది అర్థం చేసుకుంటుంది, తన బూట్లు తానే బిగించుకుంటుంది, చలేస్తే చలేస్తోందని చెబుతుంది. అప్పుడు పెట్టిన డబ్బుకు విలువ ఉంటుంది. కోప్పడకండి, ఇంట్లో పెద్దవాడిగా నాకు తోచింది చెప్పాను.

తుంగభద్ర తీరం, కర్నూలు

కోపం ఎందుకండీ, మా నాన్నగారు కూడా ఇదే మాట అన్నారు. డబ్బు సంగతి మేము లెక్క వేసుకున్నాం. జ్ఞాపకం ఉండదన్నది మాత్రం నేను ఒప్పుకోను. గుర్తుండకపోయినా ఆ వయసులో కలిగే సంతోషం సంతోషమే కదా. కానీ చలేస్తే చెప్పలేకపోవడం గురించి మీరన్నది నన్ను నిజంగా ఆలోచనలో పడేసింది. దాని గురించి ఎవరైనా వివరంగా చెప్పాలి.

పిల్లల వైద్యుడు, అనంతపురం

ఆ మాటకు నేను జవాబిస్తాను.

ముందు మీ అత్తగారి సందేహం. న్యుమోనియా సూక్ష్మజీవుల వల్ల వస్తుంది. చల్లటి గాలి పీల్చినంత మాత్రాన రాదు. కానీ ఆవిడ భయంలో అర్థం ఉంది. చిన్నపిల్లల శరీరం బరువుతో పోలిస్తే చర్మం వైశాల్యం ఎక్కువ. అందుకే వాళ్ల ఒంట్లోని వేడి పెద్దవాళ్ల కంటే త్వరగా పోతుంది. బట్టలు తడిస్తే ఇంకా వేగంగా పోతుంది. కాబట్టి నిజమైన శత్రువు తడి. చేతి తొడుగు తడిసినా, మేజోడులోకి మంచు దూరినా అప్పటికప్పుడు లోపలికి తీసుకెళ్లి పొడివి మార్చాలి. పాప ‘చలేస్తోంది’ అనేదాకా ఆగకండి. పావుగంటకోసారి మీరే తొడుగు తీసి వేళ్లు పట్టుకుని చూడండి. ముక్కు కొన, చెవులు, బుగ్గలు పాలిపోయి తెల్లగా కనిపిస్తే వెంటనే గదికి వెళ్లాలి. మంచుతో రుద్దడం, హీటరుకు ఆనించి కాచడం చేయకూడదు. గోరువెచ్చని నీళ్లలో ఉంచాలి, లేదా మీ ఒంటి వేడి తగిలించాలి.

ఎత్తు గురించి చాలామంది పట్టించుకోరు. 2,500 మీటర్లు దాటితే కొందరికి కొండజబ్బు రావచ్చు. పెద్దవాళ్లు తలనొప్పి అని చెబుతారు. నాలుగేళ్ల పిల్ల చెప్పలేదు. ఊరికే చిరాకు పడుతుంది, అన్నం వద్దంటుంది, వాంతి చేసుకుంటుంది, నిద్రపోదు. ఇవి కనిపిస్తే ‘ప్రయాణం బడలిక’ అని సర్దుకోకుండా కిందికి దిగండి. శ్రీనగర్ ఎత్తు దాదాపు 1,600 మీటర్లే. అందుకే మొదటి రాత్రి శ్రీనగర్‌లో గడిపి మర్నాడు పైకి వెళ్లడం మంచిది. పైకి వెళ్లిన రోజు స్కీయింగ్ పెట్టుకోవద్దు. మాటిమాటికీ కొంచెం కొంచెంగా గోరువెచ్చని నీళ్లు తాగించండి.

ఎండ సంగతి మరవకండి. చలిలో ఎండ తెలియదు. కానీ కొత్త మంచు అతినీలలోహిత కిరణాలను 80 శాతం దాకా వెనక్కి కొడుతుంది, ఎత్తుకు వెళ్లేకొద్దీ వాటి తీవ్రత పెరుగుతుంది. గడ్డం కింద, ముక్కు రంధ్రాల అంచుల్లో కూడా సన్‌స్క్రీన్ రాయాలి. కళ్లకు గాగుల్స్ లేకుండా ఒక్క గంట కూడా మంచులో తిప్పవద్దు.

ఉబ్బసం, తరచూ చెవినొప్పి ఉన్న పిల్లలైతే ముందు మీ డాక్టరును కలవండి. ఫ్లూ టీకా వేయించలేదేమో చూసుకోండి, వేయించాలంటే కనీసం రెండు వారాల ముందే వేయించాలి. బయలుదేరే నాటికి జ్వరం ఉంటే ప్రయాణం వాయిదా వేయండి.

కొండారెడ్డి బురుజు, కర్నూలు (ప్రస్తుతం డెన్వర్)

అక్కా, మాది కర్నూలు కొత్తపేట. ఇక్కడ చలికాలమంతా పిల్లల్ని స్కీ బడికి తిప్పుతుంటాను. ఆటలోని సంగతులు నేను చెబుతాను.

ఇక్కడి స్కీ బడుల్లో మూడు నాలుగేళ్లకే చేర్చుకుంటారు. ఆ వయసులో వాళ్లు చేసేది ముప్పాతిక భాగం మంచులో ఆటే. గంట, గంటన్నర మించి నేర్పాలని ఏ మంచి శిక్షకుడూ చూడడు. మీరు కూడా గుంపుతో కాకుండా పాప ఒక్కదానికే శిక్షకుణ్ణి మాట్లాడుకోండి. ‘చిన్నపిల్లలకు నేర్పిన అలవాటుందా’ అని ముందే అడగండి. పెద్దవాళ్లకు బాగా నేర్పేవాడు పిల్లలకు నేర్పలేకపోవచ్చు.

చేతుల్లో పట్టుకునే స్కీ కర్రలు వద్దు. పిల్లలు వాటితో ఆడుకుంటారు, పొడుచుకుంటారు తప్ప వాడరు. స్కీలు పొట్టిగా ఉండాలి. నిలబెడితే కొస పాప ఛాతీకీ గడ్డానికీ మధ్య ఉంటే చాలు. ‘పొడుగ్గా ఉంటే వచ్చే ఏడాదికీ పనికొస్తాయి’ అన్న లెక్క అద్దె స్కీలకు అక్కర్లేదు కదా.

మొదట రెండు స్కీలూ తొడగనివ్వకండి. ముందు బూట్లతో చదునైన చోట నడిపించాలి. తర్వాత ఒక కాలికి స్కీ, రెండో కాలితో తోసుకుంటూ జారడం. తర్వాత కాలు మార్చడం. అప్పుడు రెండూ. చదును నేల మీద సొంతంగా నడవగలిగాక, చివర్లో దానంతటదే ఆగిపోయేంత చిన్న వాలు. ఆపడానికి పిల్లలకు నేర్పేది ఒక్కటే: స్కీల ముందు కొసలు దగ్గరగా, వెనక కొసలు దూరంగా. దీన్ని ప్రపంచమంతా పిల్లలకు ‘పిజ్జా ముక్క’ అనే చెబుతారు. ఇంట్లో చాప మీద మేజోళ్లతో నిలబెట్టి రోజూ ఆడించండి. మీరు ‘పిజ్జా’ అనగానే మడమలు దూరంగా తోయాలి. కొసలు విడిపోకుండా పట్టి ఉంచే చిన్న రబ్బరు కొక్కెం ఒకటి దొరుకుతుంది, నాలుగేళ్ల పిల్లలకు అది చాలా సాయపడుతుంది.

పడటం కూడా నేర్పాలి. పక్కకు కూర్చున్నట్టుగా పడాలి. లేచేటప్పుడు స్కీలు వాలుకు అడ్డంగా పెట్టుకోవాలి, లేకపోతే లేస్తూనే జారిపోతారు. పడిన ప్రతిసారీ మీరు పరుగెత్తుకెళ్లి లేపకండి, శిక్షకుణ్ణి చూసుకోనివ్వండి.

అన్నిటికంటే పెద్ద సంగతి. స్కీయింగ్ రాని తల్లిదండ్రులు పాపను కాళ్ల మధ్య పెట్టుకుని జారడానికి ప్రయత్నించకూడదు. మీరు పడితే మీ బరువంతా పాప మీద పడుతుంది. గుల్‌మర్గ్‌లో స్లెడ్జి (మంచు మీద లాగే చెక్కబండి) వాళ్లు కూడా పాపను ఒళ్లో కూర్చోబెట్టుకోమంటారు. చదునైన చోట లాగించుకోండి, వాలు మీద వద్దు.

ఇక ఆపే సమయం. పిల్ల ‘ఇంకొక్కసారి’ అంటున్నప్పుడే ఆపేయండి. ఏడుపు దాకా సాగితే మర్నాడు బూటు చూడగానే ఏడుస్తుంది. రుసుము మూడు గంటలకు కట్టాం కదా అని లెక్క చూసుకోవద్దు.

హంద్రీ గట్టు, కర్నూలు

అంతదూరం వెళ్లి గొండోలా రెండో దశ ఎక్కకుండా వస్తే ఎలా? మేము వెళ్లినప్పుడు అఫర్వత్ కొండ దాకా ఎక్కాం. మేఘాలు కిందుగా కనిపిస్తాయి. పాపను కూడా తీసుకెళ్లండి, ఏమీ కాదు. టికెట్లు మాత్రం ఆన్‌లైన్‌లో ముందే తీసుకోండి, సీజన్‌లో అక్కడికక్కడ దొరకవు.

పిల్లల వైద్యుడు, అనంతపురం

‘ఏమీ కాదు’ అన్న మాట దగ్గరే నా అభ్యంతరం. రెండో దశ స్టేషను 3,900 మీటర్లు దాటి ఉంటుంది. కర్నూలు నుంచి బయలుదేరిన రెండో మూడో రోజున నాలుగేళ్ల పిల్లను అంత ఎత్తుకు, అదీ నిమిషాల్లో, తీసుకెళ్లడం మంచిది కాదు. చాలామంది పిల్లలకు ఏమీ కాకపోవచ్చు. అయితే పైన గాలి హోరులో, గడ్డకట్టే చలిలో, దిగడానికి వరుసలో నిలబడాల్సి వస్తే ఏం చేస్తారు? మొదటి దశ కొంగ్‌డూరి 3,100 మీటర్ల లోపే. అక్కడికి కాసేపు వెళ్లి రావచ్చు, అదీ ఒకట్రెండు రోజులు గుల్‌మర్గ్‌లో గడిపాకే.

హంద్రీ గట్టు, కర్నూలు

డాక్టరుగారూ, మేము పదిహేనేళ్ల పిల్లలతో వెళ్లాం, అది వేరే అని ఒప్పుకుంటాను. అయితే తల్లిదండ్రులు ఎందుకు వదులుకోవాలి? ఒకరు పాప దగ్గర ఉంటే ఒకరు వెళ్లి రావచ్చు, తర్వాత మార్చుకోవచ్చు. ఆ కొండ చూసి తీరాల్సింది.

గండికోట, ప్రొద్దుటూరు

ఇది బాగుంది. రెండో దశ గాలి ఎక్కువైనా, మంచు కూలే ప్రమాదం ఉన్నా ఆపేస్తారు, కాబట్టి దాని చుట్టూ రోజంతా అల్లుకోవద్దు.

పాలకొండలు, కడప (ప్రస్తుతం కువైట్)

మన కడప జిల్లా నుంచి గల్ఫ్‌లో ఉన్నవాళ్లు ఎంతమందో మీకు తెలుసు. ఆ కుటుంబాలకు నాదొక మాట. దుబాయ్‌లో ఎమిరేట్స్ మాల్‌లో స్కీ దుబాయ్ ఉంది. 2005లో తెరిచారు. కప్పు కింద నిజమైన మంచు, పొడవైన వాలు 400 మీటర్లు. ఏడాది పొడవునా సున్నాకు కాస్త దిగువనే ఉంచుతారు. కోటు, బూట్లు వాళ్లే ఇస్తారు. ఎత్తు గొడవ లేదు, వాతావరణం గొడవ లేదు, మంచు పడలేదన్న బెంగ లేదు. కొడుకునో కూతురునో చూడటానికి ఎలాగూ వచ్చే తాతయ్యలు, అమ్మమ్మలు మనవళ్లతో ఒక పూట అక్కడ గడపవచ్చు. పిల్లకు మంచంటే ఇష్టమో కాదో అక్కడే తేలిపోతుంది. కర్నూలు నుంచి ప్రత్యేకంగా దుబాయ్ రమ్మని నేను అనను, దానికంటే కాశ్మీరే మేలు.

తుంగభద్ర తీరం, కర్నూలు

ఎంత ఓపికగా రాశారు అందరూ! డాక్టరుగారు రాసింది మా అత్తగారికి చదివి వినిపించాను. ‘తడి సంగతి నేను చెప్పలేదా’ అన్నారు. ఒక షరతు పెట్టారు: మధ్యాహ్నం దాటాక పాప మంచులో ఉండకూడదు. నాకూ అది సబబుగానే అనిపించింది. ఇప్పుడు బట్టల గురించి చెప్పండి. కర్నూలు దుకాణాల్లో స్వెట్టరు తప్ప ఏమీ లేదు. బూట్ల సైజు ఎలా చూడాలి?

దర్గా వీధి, కడప

చెల్లెమ్మా, మేము పిల్లలతో వెళ్లి వచ్చాం, బట్టల సంగతి నేను చెబుతాను. ఒంటికి అంటి ఉండేది పలచటి థర్మల్, దానిపై ఉన్నిదో ఫ్లీసుదో ఒకటి, అన్నిటిపైన నీళ్లు లోపలికి రాని కోటు, పాంటు. పాంటుకు భుజాల మీదుగా పట్టీలు ఉంటే మంచిది, పడినప్పుడు నడుములోంచి మంచు దూరదు. లోపల నూలు బనియను వేయకండి. చెమటను పట్టుకుని చల్లబడిపోతుంది. వేళ్లు విడివిడిగా ఉండే గ్లవ్స్ కంటే నాలుగు వేళ్లూ ఒకే గదిలో ఉండే తొడుగులు వెచ్చన. రెండు జతలు ఉండాలి, ఒకటి తప్పకుండా తడుస్తుంది. మెడకు మఫ్లరు వద్దు, ఎక్కడైనా చిక్కుకుంటే ప్రమాదం. గొట్టంలా తల మీంచి వేసుకునేది తీసుకోండి. తంగ్‌మర్గ్‌లో అద్దెకు ఇచ్చే పొడుగు కోట్లు, గమ్ బూట్లు మంచులో తిరగడానికి పనికొస్తాయి, స్కీయింగ్‌కు పనికిరావు.

ఇక బూట్లు. చాలామంది రెండు మూడు మేజోళ్లు తొడుగుతారు. దానివల్ల రక్తం ఆడక పాదం ఇంకా చల్లబడుతుంది. మోకాలి దాకా వచ్చే ఒకే ఒక్క మేజోడు, ముడతలు లేకుండా. స్కీ బూట్ల సైజు సెంటీమీటర్లలో ఉంటుంది. పాపను గోడకు మడమ ఆనించి కాగితం మీద నిలబెట్టి, బొటనవేలి కొస దాకా కొలవండి. 17 సెంటీమీటర్లు వస్తే 17 దగ్గరి సైజే. పెద్దది తొడిగితే మడమ లోపల లేస్తుంది, స్కీ మాట వినదు. చిన్న సైజులు అన్ని అద్దె దుకాణాల్లోనూ ఉండవు, కాబట్టి ఆ కొలత, పాప ఎత్తు, బరువు శిక్షకుడికి ముందే వాట్సాప్ చేయండి. బరువును బట్టే బైండింగ్ (బూటును స్కీకి పట్టి ఉంచేది) బిగింపు పెడతారు, పడినప్పుడు అది సమయానికి ఊడిపోవాలి. హెల్మెట్ పిల్లలది ఉందో లేదో కూడా అడగండి. లేకపోతే కొని పట్టుకెళ్లండి, దానిలో సర్దుబాటు వద్దు.

శిక్షకులతో భాషకు ఇబ్బంది పడనక్కర్లేదు. వాళ్లు హిందీ, ఉర్దూ మాట్లాడతారు. కర్నూలు, కడప పిల్లల చెవికి ఉర్దూ కొత్త కాదు కదా. ‘రుకో’, ‘బైఠో’, ‘సామ్నే దేఖో’ అన్న మాటలు పాపకు ముందే అలవాటు చేయండి చాలు.

తిండికి బొరుగులు పట్టుకెళ్లండి. బరువుండవు, చెడిపోవు. అక్కడ హోటల్ వంటగదిలో అడిగితే ఉల్లిపాయ, పచ్చిమిర్చి ఇచ్చారు, ఉగ్గాని చేసి పెడితే మా పిల్లలు అన్నం మారాం మానేశారు.

చక్రాల బండి, అనంతపురం

నేను ఇక్కడ పిల్లలకు స్కేటింగ్ నేర్పుతాను. వెళ్లేలోగా పాపను స్కేటింగ్‌లో చేర్చండి. ఒకే వరుసలో చక్రాలుండే ఇన్‌లైన్ స్కేట్లయితే ఇంకా మంచిది. మోకాళ్లు వంచి ముందుకు చూడటం, ఒక కాలి మీంచి ఇంకో కాలికి బరువు మార్చడం, పడి లేవడం, కాళ్లు వెడల్పు చేసి వేళ్లు లోపలికి తిప్పి ఆగడం, ఇవన్నీ అక్కడా పనికొస్తాయి. హెల్మెట్ పెట్టుకునే అలవాటు కూడా అవుతుంది, మంచులో దానికోసం పేచీ ఉండదు. హైదరాబాదులో గానీ బెంగళూరులో గానీ కృత్రిమ మంచు ఉండే చోటుకి ఒక పూట తీసుకెళ్తే చలిలో ఎలా ఉంటుందో మీకే తెలుస్తుంది.

కొండారెడ్డి బురుజు, కర్నూలు (ప్రస్తుతం డెన్వర్)

స్కేటింగ్ సలహా చాలా మంచిది. ఇక్కడ స్కీ బడిలో చేరే పిల్లల్లో స్కేటింగ్ వచ్చినవాళ్లను మొదటి గంటలోనే గుర్తుపట్టవచ్చు.

గండికోట, ప్రొద్దుటూరు

ఎప్పుడు వెళ్తున్నారో చెప్పలేదు. సంక్రాంతి సెలవులైతే ఒకసారి ఆలోచించండి. డిసెంబరు 21 నుంచి నలభై రోజులు అక్కడ చిల్లై కలాన్, చలి గట్టిగా ఉండే కాలం. చలి ఉంటుంది కానీ మంచు ఉంటుందన్న భరోసా ఈ మధ్య తగ్గింది. 2024 జనవరిలో చాలా రోజులు గుల్‌మర్గ్‌లో నేల కనిపించింది. ఖేలో ఇండియా శీతాకాల క్రీడలను ఆ ఏడాదీ, 2025లోనూ మంచు చాలక వాయిదా వేశారు. ఫిబ్రవరి రెండో సగంలో వెళ్తే మంచు పేరుకుని ఉండే అవకాశం ఎక్కువ, పగటి చలీ కాస్త తగ్గుతుంది. పాప ఇంకా ఒకటో తరగతికి రాలేదు కాబట్టి బడి పోయినా నష్టం లేదు. చిన్న వయసులో వెళ్లడంలో ఉన్న లాభాల్లో ఇదొకటి.

ప్రయాణానికి అటొక రోజు, ఇటొక రోజు ఖాళీగా ఉంచుకోండి. మంచు, పొగమంచు వల్ల శ్రీనగర్ విమానాలు రద్దవుతుంటాయి.

వేరుశెనగ చేను, ధర్మవరం

అనంతపురం వైపు వాళ్లు చదువుతుంటే ఒక మాట. బెంగళూరు విమానాశ్రయం 44వ నంబరు జాతీయ రహదారి మీద మనవైపే ఉంది, నగరంలోకి వెళ్లనక్కర్లేదు. కర్నూలు వాళ్లకు అదే రోడ్డు మీద శంషాబాద్ నయం. ఆ రోడ్డు మొదలయ్యేది శ్రీనగర్‌లోనే అనుకోండి, అయినా పసిపిల్లతో విమానమే మేలు.

తుంగభద్ర తీరం, కర్నూలు

ఫిబ్రవరి చివరికి మార్చుకున్నాం. టికెట్లు తీశాం. పాప స్కేటింగ్‌లో చేరింది. ఇంట్లో పొద్దున లేస్తే ‘పిజ్జా’ గోలే. వచ్చాక రాస్తాను.

తుంగభద్ర తీరం, కర్నూలు

క్షేమంగా వచ్చాం. మాట ఇచ్చినట్టే రాస్తున్నాను.

బూట్లు తొడగడం దగ్గరే నాకు పాప కోసం మాట్లాడుకున్న శిక్షకుడి మీద నమ్మకం కుదిరింది. పాపను బల్ల మీద కూర్చోబెట్టి, బూటు నాలుకను బయటికి బాగా లాగి, పాదం లోపలికి పోయాక మడమను నేలకు రెండుసార్లు తట్టించాడు. థర్మల్ పాంటు అంచు లోపలికి పోయి ఉంటే వేలు పెట్టి పైకి లాగి మేజోడు మీద ముడత లేకుండా సరిచేశాడు. కొక్కేలు ముందు వదులుగా పెట్టి, పాపను నిలబెట్టి మోకాళ్లు ముందుకు వంచమన్నాడు. వేళ్లు తగులుతున్నాయా అని అడిగాడు. నిలబడితే తగులుతున్నాయి, వంగితే తగలడం లేదు అంది. అప్పుడు బిగించాడు. ఇదంతా తొందర లేకుండా, పాపతో కబుర్లు చెబుతూ.

స్కీల మీద మొదటి రోజు చేసింది నడకే. ఒక స్కీతో తోసుకుంటూ చదును మంచు మీద అటూ ఇటూ. తర్వాత రెండూ తొడిగి చాలా చిన్న వాలు మీద, అతను వెనక్కి జారుతూ స్కీ కొసలు రెండూ చేత్తో పట్టుకుని, పాప ముఖం చూస్తూ తీసుకొచ్చాడు. కొంత దూరం వచ్చాక చెయ్యి వదిలేశాడు. పాపకు తెలియలేదు. ఆగాక చూసుకుని గట్టిగా నవ్వింది. ‘పిజ్జా’ మాత్రం ఇంట్లో చాప మీద వచ్చినంత సులువుగా రాలేదు, మడమలు తోయడానికి మంచులో బలం కావాలి. కొసలు పట్టి ఉంచే రబ్బరు కొక్కెం అక్కడ అద్దెకు దొరకలేదు. మీ మాట మీద ముందే కొని తీసుకెళ్లడం మంచిదైంది.

మర్నాడు స్కీలు వద్దంది. మేము బలవంతం చేయలేదు. ఆ పూటంతా బకెట్టు, గరిట పట్టుకుని మంచు తవ్వింది. శిక్షకుడు కూడా పక్కనే కూర్చుని తవ్వాడు. ఆ తర్వాతి రోజు తనే బూట్ల దగ్గరికి వెళ్లింది. ఆ రోజు సొంతంగా ఆగింది, అడపాదడపా. మలుపులు రాలేదు, రావాలని మేమూ అనుకోలేదు.

చలి గురించి: వేళ్లు చూసే నియమం పెట్టుకున్నాం. ఒకసారి తొడుగు లోపల తడి తగిలింది, పాప ఏమీ చెప్పలేదు. ఆడుకుంటూనే ఉంది. చెయ్యి పెట్టి చూడకపోతే తెలిసేది కాదు. డాక్టరుగారికి మా అత్తగారు ప్రత్యేకంగా నమస్కారం చెప్పమన్నారు. మధ్యాహ్నం తర్వాత గదిలోనే ఉన్నాం. అఫర్వత్‌కు మా ఆయన ఒక్కరే వెళ్లి వచ్చారు. నేను వెళ్దామనుకున్న రోజున గాలికి గొండోలా ఆపేశారు.

హంద్రీ గట్టు, కర్నూలు

పాప సొంతంగా ఆగిందన్నారు చూడండి, చాలా సంతోషం. కొండ ఎక్కడికీ పోదు, ఈసారి మీరు ముందు వెళ్లండి.

వేరుశెనగ చేను, ధర్మవరం

చదివాను. ఖర్చు విషయంలో నా మాట మారలేదు. కానీ పిల్ల వద్దన్న రోజున మీరు ఆపేసినది నాకు బాగా నచ్చింది. మా మనవడికి ఆరేళ్లు. వాడి స్కేటింగ్ గురించి అనంతపురం తమ్ముడిని అడుగుదామనుకుంటున్నాను. సాయంత్రం తరగతులు ఉన్నాయా?

చక్రాల బండి, అనంతపురం

ఉన్నాయండీ, ఐదున్నర నుంచి. స్కేట్లు వెంటనే కొనకండి. మొదటి కొన్ని రోజులు నా దగ్గరున్నవి ఇస్తాను. మోకాళ్లకు, మోచేతులకు ప్యాడ్లు మాత్రం తెచ్చుకోండి.

యోగి వేమన, కడప

ఈ చర్చ ఇప్పుడే చూశాను. వచ్చే ఏడాది మా అమ్మాయితో వెళ్దామనుకుంటున్నాం, అప్పటికి నాలుగు నిండుతాయి. తుంగభద్ర అక్కా, మీ పాప బట్టలు, హెల్మెట్ అమ్ముతారా? మాకు ఇక్కడ ఏమీ దొరకడం లేదు.

తుంగభద్ర తీరం, కర్నూలు

అమ్మడం ఎందుకు, ఊరికే ఇస్తాను. వచ్చే ఏడాదికి మా పాపకు ఎలాగూ పట్టవు. కోటు, పట్టీల పాంటు, రెండు జతల తొడుగులు, గాగుల్స్, రబ్బరు కొక్కెం ఉన్నాయి. ఒక తొడుగు బొటనవేలి దగ్గర కుట్టు విడిచింది, కుట్టించి పంపుతాను. హెల్మెట్ మాత్రం మీ అమ్మాయి తల చుట్టుకొలత చెప్పాకే ఇస్తాను, కనుబొమల పైనుంచి టేపుతో కొలవండి. మాది 50 నుంచి 54 సెంటీమీటర్ల దాకా సర్దుకుంటుంది. అది ఎక్కడా గట్టిగా తగిలింది లేదు. చిరునామా విడిగా సందేశం పెట్టండి, ఆర్టీసీ కార్గోలో వేస్తాను. మీ పాప పెద్దదయ్యాక ఇక్కడే ఇంకెవరికైనా అందించండి.